మీసంతో కట్టిన ఈగ

శ్రీపతి గురక గాడిలో పడేదాకా ఆగి, అప్పారావు జేబులోంచి చిన్న కత్తెర తీశాడు. అతనికి కావలసింది పర్సు కాదు, ఫోనూ కాదు. శ్రీపతి మీసం. అదీ మొత్తం అక్కర్లేదు. ఎడమవైపు చివర దొరికితే చాలు.

కారు ఏటి ఒడ్డున చెట్ల కింద ఆగి ఉంది. పులిహోర పట్టించిన శ్రీపతి వెనక సీట్లో నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. కారు సొంతదారు రాఘవ్ అవతల బండ మీద కూర్చుని ఈగ కట్టుకుంటున్నాడు.

ఈగ అంటే నిజం ఈగ కాదు. గాలపు ముల్లుకి ఈకో బొచ్చో పెట్టి దారంతో చుడితే నీళ్ళమీద ఈగలా తేలుతుంది. ట్రౌట్ చేప మోసపోయి మింగుతుంది. టకానిని ఊళ్ళో ఉండే ఈ ముగ్గురూ ఏటా ఏప్రిల్లో ఒకరోజు ఈ టురాంగీ ఏటిదాకా వచ్చి చేపలు పడతారు. ఎవడి ఈగతో వాడు పట్టకూడదు, పక్కవాడు కట్టిచ్చినదానితోనే పట్టాలి. అది రాఘవ్ పెట్టిన రూలు. రాఘవ్ పెట్టిన రూలు ఇంకోటి ఉంది. వరసగా మూడేళ్ళు ఎవడి ఈగకి చేప పడదో వాడికి ఆ తరవాత కారులో చోటు లేదు. హాబ్సన్‌విల్‌లో రాఘవ్ బామ్మర్ది కొత్త గాలం రాడ్డు కొనుక్కుని మరీ కాచుక్కూర్చున్నాడు.

అప్పారావు ఈగకి నిరుడూ పడలేదు, అంతకుముందేడూ పడలేదు. ఆఫీసు, ట్రైను, ఇల్లు తప్ప ఆ పరాయి దేశంలో అతనికి ఉన్నదల్లా ఈ ఒక్క రోజు. మిగతా ఏడాదంతా దీన్ని తలుచుకునే గడిపేస్తాడు.

గాలాలమ్మే కొట్లో ఓ ముసలి కివీ దొర అసలు సంగతి చెప్పాడు. నీ ఈగలు నీళ్ళు తాగి మునిగిపోతున్నాయి, నీళ్ళు పట్టని నల్లటి ముతక బొచ్చు వెతుక్కో అన్నాడు. అప్పారావు వెతికాడు. పక్కింటి కుక్కది మరీ మెత్తన. భార్య నాగమణి జడకేసి చూస్తే ఆవిడ ఏమిటన్నట్టు చూసింది. ఆ ఆలోచన అక్కడే మానుకున్నాడు. ఇందాక భోజనాల దగ్గర శ్రీపతి మజ్జిగ తాగి గ్లాసు దించాడు. మీసం మీద ఒక్క చుక్క నిలవలేదు. అప్పారావు ముద్ద నోట్లో పెట్టుకోవడం మర్చిపోయాడు.

అది మామూలు మీసం కాదు. నున్నటి మూతితో తెలుగు సంఘం ఎన్నికల్లో ఓడిపోతూ వచ్చిన శ్రీపతి, అది వచ్చాకే ప్రెసిడెంటయ్యాడు. రేపటి నాటకంలో దుర్యోధనుడి వేషం ఇచ్చిందీ దాన్ని చూసే.

కత్తెర దగ్గరికి పోయింది కాని చెయ్యి ఆడలేదు. నిరుడు ఇక్కడే అప్పారావు విగ్గు గాలికి ఎగిరిపోతే, దానివెంట రాళ్ళమీద పడుతూ లేస్తూ పరిగెత్తింది ఈ శ్రీపతే. చాలాసేపటికి వట్టి చేతులతో వచ్చి, ఏట్లో కొట్టుకుపోయిందని అప్పారావుకన్నా ఎక్కువ బాధపడ్డాడు. అప్పట్నుంచీ అప్పారావు నెత్తిమీద ఉన్నిటోపీయే. పెళ్ళయిన కొత్తలో నలుగురితో కలిసి ఫ్లాట్‌లో ఉన్నప్పుడు బట్టలు తారుమారయ్యేవి. ఆనాటి నుంచి మొగుడి వంటిమీదికెక్కే ప్రతిదానికీ లోపలివైపు ఎర్రదారంతో 'అ' అని కుట్టనిదే నాగమణికి నిద్రపట్టదు. టోపీకీ కుట్టింది.

అంత మంచివాడి మీసం కోయడం పాపం. కాని రాఘవ్ బామ్మర్ది కళ్ళముందు మెదిలాడు. కత్తెర కిచ్‌మంది.

నిద్రలేచిన శ్రీపతి అలవాటుగా మీసం దువ్వబోయాడు. ఎడమవైపు వేళ్ళకి ఏమీ తగల్లేదు. అరుస్తాడని అప్పారావు బిగుసుకుపోయాడు. శ్రీపతి అరవలేదు. కారు అద్దంలో ఓసారి చూసుకుని, మఫ్లర్ తీసి ముక్కుదాకా చుట్టుకున్నాడు. చలిగా ఉందన్నాడు. ఎండలో కూర్చున్న రాఘవ్ చొక్కా చెమటకి తడిసి ఉంది.

వంతు ప్రకారం అప్పారావు కట్టిన ఈగ శ్రీపతికే వచ్చింది. అతను దాన్ని వేలిమీద పెట్టుకుని తిప్పితిప్పి చూశాడు.

"బొచ్చు ఎక్కడిదన్నయ్యా?"

"మా ఇంటి దగ్గరిదేలే."

"అలాగా" అన్నాడు శ్రీపతి. మఫ్లర్ పైన కళ్ళు మాత్రం ఓ క్షణం కదలకుండా ఉండిపోయాయి.

పొద్దు వాలుతుండగా ఈగ నీళ్ళమీద బెండులా తేలింది. చూస్తుండగానే పెద్ద ట్రౌట్ దాన్ని గుటుక్కున మింగింది. రాఘవ్ పరిగెత్తుకొచ్చి వాట్సాప్‌లో పెట్టడానికి ఫొటో తీసుకున్నాడు.

"నీ సీటు నీకే అన్నా. మా బామ్మర్దికి నేను చెప్పుకుంట తియ్."

ఏడాదిగా ఎదురుచూసిన మాట. తీరా విన్నాక అప్పారావు అక్కడ నిలబడలేకపోయాడు. చేతివల పట్టుకుని, మోకాలి లోతు నీళ్ళలో చేపతో పెనుగులాడుతున్న శ్రీపతి పక్కకి దిగాడు.

"శ్రీపతీ, నీ మీసం కోసింది నేనేనయ్యా. నా విగ్గు కోసం ప్రాణాలకి తెగించి పరిగెత్తావు నువ్వు. నేను చూడు ఏం చేశానో. నాలుగు తిట్టు, పడతాను."

"తిట్టడం ఎందుకన్నయ్యా, వెంట్రుకలేగా. ఈ సంగతి ఇంకెక్కడా అనకు, చాలు."

అప్పారావుకి కళ్ళు చెమర్చాయి. ఇలాంటి మనిషి ఈ కాలంలో ఉన్నాడా అనుకున్నాడు.

ఆ పెనుగులాటలో మఫ్లర్ జారింది. ముల్లు తీద్దామని శ్రీపతి వంగేసరికి చేప తోకతో మూతిమీద ఛెళ్ళున కొట్టింది. మిగిలిన మీసం మిగిలినట్టే ఊడి ఏట్లో పడింది. మునగలేదు. ఆ ఈగలాగే తేలుతూ పోయింది. శ్రీపతి చేపని వదిలేసి, నిరుడు పరిగెత్తినట్టే రాళ్ళమీద పడుతూ లేస్తూ దానివెంట పడ్డాడు.

అది అప్పారావు చేతివలకి ముందే అందింది. వలలోంచి తీసి వెనక్కి తిప్పిన ఆ మీసం అడుగున, సన్నటి జాలీగుడ్డ మీద, నాగమణి చేతికుట్టు ఎర్రటి 'అ' ఉంది.