ముప్పై అయిదు మార్కుల వారం

వాతావరణ శాఖ ఎండ అంటే గొడుగు పట్టుకెళ్లాలని, వాన అంటే బట్టలు ఆరేసుకోవచ్చని లోకంలో ఒక నమ్మకం ఉంది. ఆ నమ్మకానికి ఈ ఇంట్లో పెద్ద దిక్కు మామగారు. ఆయన కోడలు అదే శాఖలో ఉద్యోగి. దేశమంతటికీ రాబోయే వారం వాతావరణాన్ని అంచనా కట్టడం ఆమె పని.

మామగారు ముప్పై ఏళ్లు కళాశాలలో గణితం చెప్పారు. సొంత కొడుకు అర మార్కులో తప్పినా కలపని మనిషి. ఆ సంగతి అత్తగారు ఇప్పటికీ వడ్డించేటప్పుడు గుర్తుచేస్తూంటారు.

ఇప్పుడు ఆయన గుండెలో ఒక కవాటం సరిగ్గా మూసుకోవడం లేదు. చలి ముదిరేలోగా మార్చాలన్నాడు డాక్టరు. ఈ ఆదివారం కాక వచ్చే ఆదివారంలోగా సంతకం పెడితే ఆపై గురువారం ఆపరేషన్. లేకపోతే ఎండాకాలం దాకా ఖాళీ లేదు. అంతవరకు ఆ కవాటం ఆగుతుందని తాను పూచీ పడలేనన్నాడు. ఆపరేషన్ నూటికి తొంభై రెండు మందికి బాగానే జరుగుతుందట.

"మిగతా ఎనిమిది మంది ఏమయ్యారో అడిగావా?" అన్నారు మామగారు.

"వాళ్ల సంగతి మనకెందుకు మామయ్యగారూ?"

"అందులో నేనుంటానేమోనని. శాతాలు చెప్పేవాళ్లంతా ఒకే బడిలో చదివారమ్మాయ్. మీవాళ్లు డెబ్భై శాతం వాన అంటారు. కురిస్తే డెబ్భై మాదంటారు, కురవకపోతే ముప్పై మాదంటారు."

"మీరు పిల్లలకు చెప్పింది ఆ పాఠమే కదండీ," అన్నారు అత్తగారు వంటింట్లోంచి.

"పాఠం చెప్పడం వేరు, పాఠంలో లెక్క కావడం వేరు."

కోడలు కుర్చీ ఆయన ఎదురుగా లాక్కుని కూర్చుంది.

"అయితే నాకు పరీక్ష పెట్టండి. వచ్చే వారానికి నేను కట్టిన అంచనా గెలిస్తే సంతకం పెడతారా?"

మామగారు కళ్లజోడు సవరించుకున్నారు. పరీక్ష పెట్టమని ఆయన్ను ఎవరూ అడగక ఏడేళ్లయింది.

నియమాలు ఆయనే రాశారు. శాఖ తన ఉద్యోగుల అంచనాలను ఎలా దిద్దుతుందో ఇక్కడా అలాగే: దేశం నలుమూలలా నాలుగు నగరాలు, నడుమ వీళ్ల ఊరు, ఆదివారం నుంచి శనివారం దాకా ఏడు రోజులు. ఏ రోజు ఎక్కడ తడి, ఎక్కడ పొడి. మంచు పడినా తడి కిందే లెక్క. మొత్తం ముప్పై అయిదు మార్కులు. పోటీకి అత్తగారు ఎగరేసే నాణెం. బొమ్మ పడితే వాన, బొరుసు పడితే పొడి. నాణెం కంటే ఒక్క మార్కు ఎక్కువ వచ్చినా కోడలిదే గెలుపు.

"'అక్కడక్కడా' అని రాయకూడదు," అన్నారు.

"రాయను."

"'ఒకటి రెండు చోట్ల' అని కూడా."

"సరేనండి."

"మరి మీ శాఖకు పూట ఎలా గడుస్తుందమ్మా?"

శనివారం కోడలు కాగితం ఇచ్చింది. ఆకులు రాలే కాలం అంత పెద్ద దేశాన్ని ఒక్క తీరుగా చూడదు. ఉత్తరాన కొండల్లో తొలి మంచు, పడమట పొడిగాలి, తూర్పు తీరం మీదుగా నడుమకు నడిచివచ్చే తుఫాను, దక్షిణాన ఇంకా పోని ఉక్క. అన్నీ గడుల్లోకి ఎక్కాయి. అత్తగారు భోజనాల బల్ల దగ్గర నాణేన్ని ముప్పై అయిదు సార్లు ఎగరేశారు. రెండుసార్లు అది బల్ల కిందికి దొర్లింది.

"ఇంత చదువు చదివి చిల్లరతో పోటీ ఏమిటే," అన్నారు కోడలితో.

సోమవారం నుంచి రోజూ పొద్దున్నే మామగారు పత్రికలో ముందురోజు వాతావరణం పట్టిక చూసి, పెన్సిలుతో నోటుపుస్తకంలో మార్కులు వేసి, దాన్ని దిండు కింద పెట్టుకునేవారు. ఆ పట్టిక ఆయన తప్ప ఇంట్లో ఎవరూ చదవరు.

"ఎవరు ముందున్నారు?" అని అత్తగారు అడిగితే, "పరీక్ష హాల్లో మాట్లాడకూడదు," అనేవారు.

బుధవారం వీళ్ల ఊళ్లో వాన అని కోడలు రాసింది. ఎండ పెళ్లున కాసింది.

"నువ్వు వాన అన్నావని ధైర్యంగా దుప్పట్లన్నీ ఆరేశానమ్మా," అన్నారు అత్తగారు.

"ముప్పై అయిదులో ఒకటి. తినేటప్పుడు అమ్మాయిని వేధించకు," అన్నారు మామగారు.

కోడలు పళ్లెంలోంచి తలెత్తలేదు. శుక్రవారానికి ఆమె తిండి సగమైంది. పరీక్షలంటే ఎవరికైనా అంతేనని అత్తగారు సరిపెట్టుకున్నారు.

ఆదివారం ఉదయం మామగారు చివరి పట్టిక చూసి, లెక్క కూడి, లేచి నిలబడి చదివారు.

"నాణెం, పద్దెనిమిది."

పేజీ తిప్పారు.

"అమ్మాయి, ఇరవై ఆరు."

అత్తగారు గరిటె పక్కన పెట్టి కుర్చీలో కూలబడ్డారు. వారం రోజులుగా ఆవిడ అంత స్థిమితంగా కూర్చోవడం అదే మొదలు.

కోడలు మాత్రం మామగారినే చూస్తూ ఉండిపోయింది.

"ఆ పుస్తకం ఒకసారి ఇస్తారా మామయ్యగారూ?"

"దిద్దిన పేపరు విద్యార్థికి చూపించే అలవాటు నాకెప్పుడూ లేదు. ఆ ఆస్పత్రి కాగితం ఎక్కడ పెట్టావు?"

కాగితం వచ్చింది. ఆయన రెండుచోట్ల సంతకం పెట్టారు.

"ఓడాను. మాట మాటే," అన్నారు, ఓడినవాళ్లకు ఉండవలసిన ముఖం పెట్టి.

గురువారం ఆపరేషన్‌కు నాలుగు గంటలు పట్టింది. కొత్త కవాటం కుదురుకుంది. పదో రోజున ఇంటికి వచ్చారు. వాకిట్లో దిగుతూనే, గొడుగు లేకుండా వచ్చానంటే మీ శాఖ వాన చెప్పి ఉండాలే అని కోడలితో అన్నారు.

ఆయన దిద్దిన అవే అయిదు నగరాలకు, అవే ఏడు రోజులకు కోడలి అంచనాకు శాఖ వేసిన మార్కులు, సంతకం జరిగిన మర్నాడే ఆమె కార్యాలయం గోడకెక్కాయి: ముప్పై అయిదింటికి పద్నాలుగు.