చూడకుండా ఇచ్చే పాస్

కుడివైపు నుంచి చక్రాల చప్పుడు దగ్గరవుతుంటే అనూష ఊపిరి బిగబట్టింది. వచ్చేది షమానో, ఎదుటి జట్టు పిల్లో తెలియదు. తల తిప్పి చూసేంత వ్యవధి లేదు. ఆ చప్పుడులో ఒక చక్రం సన్నగా కీచుమంది. షమా స్కేటే. అనూష తల ఎత్తకుండానే పక్‌ను కుడికి నెట్టింది. ఆ నల్లటి రబ్బరు బిళ్ళ మరుక్షణంలో వలలో పడింది.

నెల్లూరులో జరిగిన రాష్ట్ర రోలర్ హాకీ (చక్రాల స్కేట్ల మీద ఆడే హాకీ) ప్లేఆఫ్స్ ఫైనల్ ఆ గోల్‌తోనే ముగిసింది. మూడు మ్యాచుల్లో జట్టు చేసిన పదకొండు గోల్స్‌లో తొమ్మిది ఈ ఇద్దరివే. అందరూ షమాను ఎత్తుకుని తిప్పుతుంటే అనూష మాత్రం గోడ పక్కకు పోయి కూర్చుని స్కేట్లు విప్పుకుంది. గెలిచిన ప్రతిసారీ ఆమెకు ముందు వచ్చేది భయమే.

ఈ ఇద్దరికీ ఆట నేర్పింది మస్తానయ్య సారు. విడవలూరు హైస్కూల్లో డ్రిల్లు మాస్టరుగా చేసి రిటైరయినాక, సముద్రం ఒడ్డున తుఫాను షెల్టరు కింద ఉన్న సిమెంటు గచ్చు మీద పిల్లలకు స్కేటింగ్ మొదలుపెట్టాడు. ఫోనులో పాత ఐస్ హాకీ ఆటలు చూపించేవాడు. ప్లేఆఫ్స్ చరిత్రలో గ్రెట్జ్కీ, కుర్రి అనే ఆటగాళ్ళంతటి జంట లేదనేవాడు. ఒకడు పాస్ ఇస్తాడు, ఇంకొకడు గోల్ కొడతాడు.

"చూసినారా, అటు చూడకుండానే ఇస్తా ఉండాడు. మీరూ అంతేనమ్మా. ఒకరినొకరు చూసుకోకుండా ఆడతారు" అని మురిసిపోయేవాడు.

ఆ మాట విన్నప్పుడల్లా అనూష తల దించుకుని స్కేట్ల తాళ్ళు బిగించుకునేది.

రెండేళ్ళ కిందట ఒక పొద్దున ప్రాక్టీసులో పక్ ఎగిరొచ్చి ఆమె కుడికంటికి తగిలింది. వాపు వారంలో తగ్గింది. కంటిలో పొగ మాత్రం తగ్గలేదు. రోజూ నిద్ర లేవగానే ఎడమకన్ను మూసుకుని కిటికీ చువ్వలు లెక్కపెట్టుకునేది. మొదట చువ్వలు వంకరపోయాయి. తర్వాత ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. చివరికి వెలుతురు తప్ప ఏమీ మిగల్లేదు. నాన్న నరేంద్రబాబుకు తెలిస్తే ఆటే మాన్పిస్తాడు. అందుకని ఎవరికీ చెప్పలేదు.

షమాకు కూడా చెప్పలేదు. కనపడని వైపు ఎవరో ఒకరు అండగా ఉండాలి. అందుకని, ఇకనుంచి నువ్వు నా కుడిపక్కన ఆడు, నాకు ఆ వరస బాగా కుదురుతుంది అని అబద్ధమాడింది. షమా ఎందుకని కూడా అడగలేదు. సరేనంది. అప్పటినుంచి చక్రాల చప్పుడును బట్టి, షమా అరిచే అరుపును బట్టి అనూష ఆడుతూ వచ్చింది.

పోయిన వేసవిలో ఇద్దరూ ఒకరినొకరు గుద్దుకుని పడ్డారు. షమా మెడ దగ్గరి ఎముక విరిగింది. ఆస్పత్రి మంచం మీద పడుకుని కూడా షమా తప్పు తనదేనంది. అనూష బయటికొచ్చి వాంతి చేసుకుంది.

ఇప్పుడు కప్పు పట్టుకుని వచ్చిన మస్తానయ్య సారు ఇద్దరినీ దగ్గరికి పిలిచాడు. లడఖ్‌లో ఐస్ హాకీ క్యాంపుకు ఇద్దరూ ఎంపికయ్యారట. నిజమైన మంచు మీద ఆట. అయితే రేపు పొద్దున కంటి డాక్టరు దగ్గరికి పోవాలి, రెండు కళ్ళూ బాగున్నాయని రాసిస్తేనే తీసుకుంటారు అన్నాడు. అనూషకు షమా వైపు చూడటానికి ధైర్యం చాలలేదు.

మర్నాడు కంటి ఆస్పత్రిలో ముందు షమాను పిలిచారు. అనూష బయట బెంచీ మీద కూర్చుని, కంటి పరీక్ష బోర్డు మీద ఉండే అక్షరాల వరసలు, ఫోనులో చూసి బట్టీపట్టినవి, లోలోపల చదువుకుంది. పది నిమిషాలు గడిచాయి. ఇరవై అయ్యాయి. అక్షరాలు తారుమారవుతున్నాయి. మంచు మీద వేగం రెండింతలు ఉంటుందని సారు చెప్పాడు. అక్కడ తను గుద్దితే విరగడం ఒక్క ఎముకతో ఆగదు. షమా మంచు మీద కదలకుండా పడి ఉన్నట్టు కళ్ళకు కట్టింది. బట్టీపట్టింది మొత్తం ఎగిరిపోయింది.

తలుపు తెరుచుకుంది. షమా డాక్టరు రాసిచ్చిన కాగితాన్ని మడతపెట్టి గుప్పిట్లో పట్టుకుని వచ్చింది. ముఖం పాలిపోయి ఉంది. లోపల ఏమయిందని అడగడానికి కూడా అనూష ఆగలేదు. ఇప్పుడు ఆగితే ఇక ఎప్పటికీ చెప్పలేననుకుంది. చెయ్యి పట్టి లాగి పక్కన కూర్చోబెట్టుకుంది.

"నీకొక మాట చెప్పాల మే. తిట్టినా కొట్టినా సరే, చివరిదాకా విను."

షమా తలూపింది.

"ఆ రోజు నీ ఎముక విరగ్గొట్టింది నేనే. నువ్వు వస్తా ఉండేది నాకు కనపడలా. నా కుడికన్ను పోయి రెండేళ్ళయింది. నిన్ను నా కుడిపక్కన పెట్టుకునింది అందుకే. ఇన్నాళ్ళూ నిన్ను మోసం చేసినా."

షమా చెయ్యి వెనక్కి తీసుకోలేదు. కాగితం వైపే చూస్తూ ఉండిపోయింది. లోపలినుంచి నర్సు అనూష పేరు పిలిచింది. నర్సు మళ్ళీ పిలిచింది. షమా మెల్లగా కాగితం మడత విప్పి స్నేహితురాలి ఒళ్ళో పెట్టింది.

"నాకు ఎడమది కనపడదు మే," అంది.