రంగు ఆరని తలుపు

"తలుపు ముట్టకుండ్రి, రంగు పచ్చిగుంది!"

వచ్చినవాళ్లందరికీ పేతురు అదే మాట చెబుతున్నాడు. మట్టల ఆదివారం ఆరాధన అయిపోగానే, ఈస్టరు వస్తోందని గడ్డిఅన్నారం ప్రార్థన మందిరం తలుపుకు బయటివైపు నీలం రంగు వేశాడు మరి.

మధ్యాహ్నం అదే మందిరంలో బీడీలు చుట్టే ఆడవాళ్లకు ఆయన క్లాసు. మిల్లులో యూనియన్ నడిపిన మనిషి. చట్టం ఏమంటుందో, కంపెనీని ఏం అడగాలో వారం వారం విడమరిచి చెబుతాడు.

చెప్పడం సరే, వినడానికి గుండె ఉండాలిగా! అది అరవై తొమ్మిది. ప్రత్యేక రాష్ట్రం కావాలని, కోస్తావాళ్లు వెళ్లిపోవాలని ఊరంతా ఉద్యమం. ఐదుగురు ఒకచోట చేరితే పోలీసులు పట్టుకుపోతున్నారు. ఇక్కడ నలభై మంది. అందుకే లోపల గడియ పెట్టుకుని గుసగుసగా మాట్లాడుకునేవారు.

అందరికంటే ఎక్కువ భయం అన్నమ్మకి. నలభై మంది వేలిముద్రలున్న అర్జీ ఆమె రవికెలోనే ఉంది. అది కంపెనీ చేతికి చిక్కిందా, నలభై ఇళ్లలో పొయ్యి వెలగదు.

"రేపు లేబరాఫీసుల అర్జీ ఇస్తం," అన్నాడు పేతురు. "మంచి కట్టల్ని గూడ పనికిరావని తీసేస్తున్నరు. వాపసియ్యరు, అమ్ముకుంటున్నరు. అంత నిజమే. గని లోపలి మనిషి ఒక్కడన్న సాక్ష్యం చెప్పకుంటే అర్జీ నిలబడది."

"లోపలి మనిషిని మనమెన్నడన్న చూసినమా?" అంది కృపమ్మ.

చూడలేదు. కంపెనీ గోడకు జానెడు కిటికీ. పేరు చెప్పి బీడీ కట్టలు పెడితే, అటునుంచి ఒక చెయ్యి వచ్చి ఏరుతుంది. ముఖం కనబడదు, మాట వినబడదు. ముఖం చూస్తే మొహమాటం పుడుతుందని యజమాని అలా కట్టించాడు.

ఏడాదిగా వస్తున్న చేతికి చిటికెన వేలు సగమే ఉంది. ఎన్ని కట్టలు తీసెయ్యాలో పైనుంచి హుకుం. అయినా ఆ చెయ్యి, తీసేసిన వాటిలోంచి ఒకటో రెండో కట్టల్ని చప్పుడు కాకుండా మళ్లీ ఇటే తోసేది. అన్నమ్మ రోజూ ప్రార్థనలో తన బిడ్డలతో పాటు ఆ చేతినీ తలుచుకునేది.

"ఆ సగం వేలు సారే వచ్చి చెప్పాలె," అంది అన్నమ్మ. "ఆయన మనిషి గాదు, దేవదూత."

వెనక వరసలో ఎవరో దగ్గారు.

ఎవరో కొత్త మనిషి. మూడు వారాలుగా వస్తున్నాడు. పిలిచినవాళ్లు లేరు. మండే ఎండల్లో కూడా నిండా శాలువా కప్పుకుని ఓ మూల కూర్చుంటాడు. "శాలువల పిస్తోలున్నదేమో," అని పోయిన వారమే కృపమ్మ చెవిలో ఊదింది.

"ఆ అర్జీ ఎవరి దగ్గరుందండీ?" అన్నాడతను.

అందరూ అతని వైపు తిరిగారు. అడిగిన మాట ఒక ఎత్తు, ఆ 'అండీ' ఒక ఎత్తు. కోస్తా మనిషి!

"నువ్వెవలు? సీఐడీవా, కంపెనీ మనిషివా?" అన్నాడు పేతురు.

"నా పేరు పట్టాభి అండీ. మీతోనూ అన్నమ్మగారితోనూ విడిగా మాట్లాడాలి. ఇంతమందిలో కాదు."

అన్నమ్మ రవికె మీద చెయ్యి అదుముకుంది. "నా పేరు నీకెట్ల ఎర్క?"

అతను శాలువా ఇంకా బిగించుకున్నాడు.

"శాలువల ఏమున్నది? చెయ్యి బయటికి తియ్యి!" అంది కృపమ్మ.

అతను నలభై ముఖాలూ ఒకసారి కలయజూశాడు. "ఇక్కడ తియ్యలేనమ్మా. వీళ్లలో ఏ ఒక్కరు కంపెనీలో చెప్పినా నా పని అయిపోతుంది."

"మాలో దొంగలున్నరంటవా?" అని లేచారు అందరూ. తలో చెయ్యీ వేసి అతన్ని బయటికి నెట్టేశారు. గడియ పెట్టింది అన్నమ్మే.

అప్పుడే దిల్‌సుఖ్‌నగర్ వైపునుంచి ఊరేగింపు వస్తోంది. నినాదాలు దగ్గరపడ్డాయి.

"ఎవలన్నా నువ్వు? ఏ ఊరు?" అని వీధిలో ఎవరో అడిగారు.

జవాబు సరిగా వినబడలేదు. చివరి 'అండీ' మాత్రం వినబడింది.

తరవాత అరుపులు, పరుగులు, రాళ్ల చప్పుడు.

తలుపు మీద దబ్బున ఎవరో పడ్డారు.

"అన్నమ్మగారూ! తలుపు తియ్యండి! అమ్మా, ఒక్కసారి!"

అన్నమ్మ చెయ్యి గడియ మీదే ఉంది. తీస్తే ఆ గుంపు లోపలికొస్తుంది. వెనకాలే పోలీసులు. రవికెలో అర్జీ. పాపం అనిపించింది, కానీ భయం ముందు పాపం ఎంత!

"తియ్యకు వదినా, నీ కాల్మొక్త," కృపమ్మ ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది.

అన్నమ్మ కళ్లు మూసుకుంది. "ప్రభువా, మాకెవల్లేరు. ఆ సగం వేలు సారునన్న పంపియ్యి."

తలుపు ఇంకోసారి కదిలింది. ఆ తరవాత కదల్లేదు.

వీధి సద్దుమణిగిందని నమ్మకం కుదిరేదాకా గంటసేపు కూర్చుని, అప్పుడు గడియ తీశారు. బయట ఎవరూ లేరు. గుమ్మం ముందు ఒంటి చెప్పు పడి ఉంది.

పేతురు తలుపు వైపు తిరిగి నెత్తి కొట్టుకున్నాడు. "అయ్యో, రంగంత ఖరాబు చేసి పోయిండు!"

ఏమైందా అని అన్నమ్మ వంగి చూసింది.

ఆరని నీలం రంగు మీద ఒక అరచెయ్యి గట్టిగా దిగబడి ఉంది, నాలుగు వేళ్లు నిండుగా, చిటికెన వేలు సగమే.