ఎగువన ఒక చుక్క

గోడ మీది పటంలో ఏటి ఎగువన ఒకే ఒక్క చుక్క ఉంది.

పసిపిల్లల మందుల మోతాదు లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ తయారుచేసి ఆసుపత్రులకు ఉచితంగా ఇచ్చే ఆఫీసు అది. ఆ సాఫ్ట్‌వేర్ ఫైలు ఎక్కడ దించుకుంటే పటంలో అక్కడ చుక్క పడుతుంది.

ఇన్నాళ్లూ ఫైలు ఆఫీసు మూలనున్న పాత సర్వర్ నుంచే వెళ్లేది. వాడేవాళ్లు పెరిగారు. సర్వర్ రోజూ చతికిలబడుతోంది.

ఊరూరా సర్వర్లు పెట్టుకుని, ఎవరికి ఏది దగ్గరైతే అక్కడి నుంచి వాళ్లకు ఫైళ్లు అందించే కంపెనీలున్నాయి. వాటిలో ఒకదాన్ని ఎంచుకోవాలి. వడపోసి వడపోసి రెండు మిగిల్చారు.

"మొదటి కంపెనీకి ఏటి ఎగువన కూడా సర్వర్ ఉంది. రెండోదానికి లేదు," అన్నాడు ఇంజినీరు. "కానీ రెండోది సగం ధరకే వస్తుంది."

"ఎగువన మనవాళ్లు ఎందరు?" అడిగింది ఆఫీసు నడిపే డాక్టరమ్మ.

"ఒక్కరే మేడమ్. ఎప్పుడు చూసినా అదే అడ్రస్."

"ఒక్కడి కోసం రైలు ఆపుతామా?" అంది ఫోన్లు చూసే అమ్మాయి.

డాక్టరమ్మ నవ్వలేదు.

"మిగిలే డబ్బుతో పిల్లల డాక్టరు ఒకరిని పెట్టుకుందాం. మన లెక్కలన్నీ ఇంకో మనిషి సరిచూడాలి."

రెండో కంపెనీ ఖాయమైంది. ఎవరు పడితే వాళ్లు లింకు పంచుకోకుండా, గంట దాటితే అది పనిచేయకుండా పెట్టాడు ఇంజినీరు.

ఆ వారమే ఫోన్ మోగితే అమ్మాయి ఎత్తింది. ముసలి గొంతు.

"అమ్మా, మీ ఫైలు సగం దిగి ఆగిపోతోంది. మళ్లీ మొదటికొస్తోంది. ఇదివరకు ఆగిన చోటి నుంచి అందుకునేది."

"ఎంతసేపు పట్టేది తాతా?"

"మా లైనుకు పొద్దంతా పట్టేది తల్లీ. ముక్కలు ముక్కలుగా ఇవ్వలేరా?"

"ముక్కలు కొట్టడానికి అదేమైనా కొబ్బరికాయా?"

ఆయనా నవ్వాడు.

"మీది ఏ ఆసుపత్రి?"

"నాకు ఆసుపత్రి ఎక్కడిదమ్మా!"

"మరి ఇది మీకెందుకు?"

"ఎగువన పిల్లలున్నారు."

"మనవలకు ఒంట్లో బాగోకపోతే డాక్టరుకు చూపించు తాతా, కంప్యూటరుకు కాదు."

"అట్లా కాదు తల్లీ..."

వెనక లాంచి కూత వినిపించింది. "లాంచి కదులుతోంది. మళ్లీ చేస్తా," అని పెట్టేశాడు.

అప్పటినుంచి ఆఫీసులో ఆయన ముక్కలాయన.

ఆసుపత్రి పేరు రాయనిదే ఫిర్యాదు కంప్యూటర్లో ఎక్కదు. అమ్మాయి నోటిమాటగా చెప్పింది. "చూద్దాంలే," అన్నాడు ఇంజినీరు.

పిల్లల డాక్టరు చేరింది. చేరిన నెలలోనే ఒక తప్పు పట్టుకుంది. బరువు తక్కువగా పుట్టిన పిల్లలకు ఒక మందు మోతాదు రెట్టింపు చూపిస్తోంది.

ఆ సాయంత్రానికల్లా సరిచేసిన ఫైలు పెట్టారు. వాడేవాళ్లందరికీ సందేశం పంపారు. కొత్త ఫైలు దించుకున్నవాళ్ల చుక్కలతో పటం నిండుతూ వచ్చింది.

ముక్కలాయన నుంచి పొద్దున ఒక ఫోన్, మధ్యాహ్నం ఒక ఫోన్.

"లెక్కలో తప్పు దిద్దారట కదమ్మా. ఆ ఫైలు నాకు చేరాలి."

"రేపు చూస్తారట తాతా."

"రేపంటే ఎట్లా తల్లీ? ఇక్కడ వాన దంచుతోంది. ఏరు పొంగితే లాంచీలు ఆపేస్తారు. ఇవాళ దిగేదాకా ఇక్కడే కూర్చుంటా."

అమ్మాయి ఇంజినీరు బల్ల దగ్గరకు వెళ్లింది. అతను భోజనం చేస్తున్నాడు.

"పోనీ ఒక్కసారి చూడరాదూ? పాపం, పెద్దాయన."

"ఆసుపత్రి లేనివాడికి అంత తొందరేంటమ్మా? ముద్ద దిగనివ్వవా? రేపన్నానుగా."

మర్నాడు ఆయన ఫోన్ చేయలేదు. ఆ తర్వాతా చేయలేదు. పటంలో ఎగువన చుక్క పడలేదు.

"ముక్కలాయన అలిగాడు," అన్నాడు ఇంజినీరు.

వానలు తగ్గుముఖం పట్టాక ఎగువ ఆసుపత్రి ఒకదానిలో పనిచేసే నర్సు ఫోన్ చేసింది. డాక్టరమ్మతోనే మాట్లాడాలంది.

"మీ లెక్క ప్రకారమే మందిచ్చామండీ. పాప దక్కలేదు."

డాక్టరమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఎంత బరువు?"

"కిలోన్నర."

"ఆ తప్పు వానలకు ముందే దిద్దాం కదమ్మా! కొత్త ఫైలు ఎందుకు దించుకోలేదు?"

"మాకు నెట్ ఎక్కడిదండీ? ఫోనే కలవదు. రేవుకొచ్చి మాట్లాడుతున్నా."

"మరి ఇదివరకటి ఫైళ్లు మీకు ఎలా అందాయి?"

"పెద్దాయన ఒకాయన ఈ రేవులో కూర్చుని దించుకుని, పెన్‌డ్రైవులో పట్టుకొచ్చేవాడు. వానల్లో మీ ఫైలు కోసం కూర్చుని ఆఖరి లాంచి అందుకోలేకపోయాడు. తప్పుడు లెక్క వాడొద్దని మాకు నోటితోనైనా చెప్పాలని చిన్న పడవెక్కాడట. ఇక్కడ టికెట్లిచ్చే అతను వద్దంటున్నా వినలేదట."

"తర్వాత?"

"పడవ దొరికిందండీ."

ఇంజినీరు, అమ్మాయి వచ్చి పక్కన నిలబడ్డారు.

"ఆయన మీ ఆసుపత్రి మనిషేనా?" అడిగింది డాక్టరమ్మ.

"ఒక్క మాకేనా అండీ," అంది నర్సు, "టీకాల పెట్టె మోసుకుంటూ ఎగువన ఏ ఆసుపత్రికి వెళ్లినా, మీ లెక్క వాళ్ల కంప్యూటర్లో ఎక్కించి వచ్చింది ఆయనే."