ఈల వేయని ఆంటెనా

“ఈల లేదని ఎట్లా రాసినావప్పా? చెవి కోసేస్తా ఉంటే!” కొండప్ప కాగితాన్ని బెంచీ మీదికి విసిరాడు.

“లేనిదాన్ని ఉందని నేనెట్లా రాసేది?” అన్నాడు తిమ్మరాజు.

మూకండపల్లిలో తిమ్మరాజు ఇంటి మిద్దె మీద కూర్చున్నారు ఇద్దరూ. ఒకే ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైనవాళ్లు. తిమ్మరాజు ముప్పై ఏళ్లు ఇనుప రేకుల్ని దబదబా గుద్దే మిషన్ల మధ్య, ప్రెస్‌షాపులో; కొండప్ప స్టోర్సులో. షార్ట్‌వేవ్ రేడియో అంటే ఇద్దరికీ ప్రాణం. హొసూరులోని రేడియో శ్రోతల సంఘం వాళ్లు రెండు చిన్న ఆంటెనాలు చేతికిచ్చి, ఏది మంచిదో తేల్చి చెప్పమన్నారు. ఒకటి పళ్లెమంత తీగచుట్ట. రెండోది డబ్బా మీద నిలబెట్టిన జానెడు కడ్డీ. అందిన సిగ్నల్‌ను పెంచే ఆంప్లిఫయర్ రెండింటిలోనూ ఉంది. వీళ్లు ఏది బాగుందంటే సంఘంలో అందరూ అదే కొంటారు.

వారం రోజులు విన్నాక మిగతా అన్నింటికీ ఇద్దరి మార్కులూ కుదిరాయి. కడ్డీ దగ్గరే తగువు తెగలేదు. దూరపు స్టేషన్లను అదే బాగా లాగుతోంది. కానీ మాట వెనకాల సన్నటి ఈల వస్తోందంటాడు కొండప్ప. లేనే లేదంటాడు తిమ్మరాజు.

“కడ్డీ నీకు నచ్చింది. అందుకే దాని తప్పు దాచిపెడతా ఉండావు.”

తిమ్మరాజు ముఖం కందిపోయింది. “అబద్ధం చెప్పే మనిషినా నేను? ఇన్నేళ్లు నాతో తిరిగి, ఈ మాటంటావా?”

కొండప్ప లేచి చెప్పులు తొడుక్కున్నాడు. అప్పుడే మిద్దెక్కి వచ్చిన తిమ్మరాజు కూతురు చైత్ర ఆయనకు అడ్డం నిలబడింది.

“కూచో మామా. నాయనా, నువ్వు కళ్లు మూసుకో. ఏ ఆంటెనా పెట్టినానో చెప్పను. విని, ఎట్లుండాదో చెప్పు. అప్పుడు ఒకరినొకరు అనుమానపడే పనే లేదు.”

తిమ్మరాజు కళ్లు మూసుకున్నాడు. చైత్ర తీగచుట్టను రేడియోకు తగిలించింది. ఎక్కడో దూరదేశంలో ఎవరో వార్తలు చదువుతున్నారు.

“గరగర ఉండాది. మాట బావిలోనుంచి వస్తా ఉన్నట్టుండాది,” అన్నాడు తిమ్మరాజు.

కొండప్ప ఒప్పుకుంటూ తలూపాడు.

చైత్ర దాన్ని తీసేసి కడ్డీ తగిలించింది. అదే గొంతు పక్కనే కూర్చున్నంత దగ్గరికొచ్చింది.

తిమ్మరాజు ముఖం విప్పారింది. “ఆఁ, ఇదీ! సౌండు పెంచమ్మా.”

చైత్ర పెంచింది.

“ఇంకా పెంచు.”

పెంచింది.

“మాట తప్ప ఇంకే చప్పుడూ లేదు. దేవుడి మీద ఒట్టు కొండప్పా, నేను అబద్ధం రాయలేదు. ఇప్పుడైనా నమ్మినావా?”

తిమ్మరాజు కళ్లు తెరవకుండానే కొండప్ప వైపు తల తిప్పాడు.

“ఏమప్పా, పలకవేం?”

తిమ్మరాజు కళ్లు తెరిచాడు. ఎదురుగా కొండప్పా, చైత్రా ఆ ఈల భరించలేక రెండు చేతులతో చెవులు గట్టిగా మూసుకుని ఉన్నారు.