కుర్చీ మీద దుమ్ము

నీటి సంఘం ఆఫీసులో ప్రెసిడెంటు కుర్చీ మీద వేలుతో గీత గీసింది చివరి పొలం కోడలు.

వేలికంతా దుమ్మే.

కాపరానికొచ్చిన దగ్గర్నుంచీ చూస్తోంది. కాలవ నీళ్లు ఊరందరి మడులూ తడిపి, వాళ్ల పొలం దాకా వచ్చేసరికి ఇంకిపోతున్నాయి. పైరు ఎండుతోంది. అడుగుదామని ఎప్పుడొచ్చినా ఈ కుర్చీ ఖాళీయే.

ఆయన కాలవ దగ్గరుంటాడని అందరిదీ ఒకటే మాట. సరే, అక్కడికే వెళ్లింది. మోకాళ్లలోతు బురదలో ఎవరో పారతో పూడిక తీస్తున్నాడు.

"ప్రెసిడెంటు ఎక్కడ?"

"పనేంటో చెప్పమ్మా."

"నీతో చెప్పే పని కాదు," అని విసవిసా వచ్చేసింది.

సంఘం సభ దగ్గర పడింది. అందులో ఆయన్నేమీ అనొద్దని అత్తగారు బతిమాలింది. ఊరంతా ఇలా నోరు కుట్టేసుకుంటే పైరు బతికినట్టేనని కోడలికి ఒళ్లు మండింది.

సభ రోజున లేచి నిలబడి కడిగి పారేసింది. కూర్చోనివాడికి కుర్చీ దేనికంది. చేతకాకపోతే దిగిపొమ్మంది, తనే చూసుకుంటానంది.



వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ బురద కాళ్ల మనిషి చెయ్యెత్తాడు.

"చివర ఉన్నవాళ్లకే నీళ్ల విలువ తెలుస్తుంది. ఈ అమ్మాయినే పెట్టుకుందాం."

అందరూ అతని వంక చూశారు. ఆ తర్వాత ఒక్కో చెయ్యీ లేచింది. ఆఖరున అత్తగారిదీ లేచింది, కళ్లు తుడుచుకుంటూనే.

ఈ ఊళ్లో గుండె ఉన్నవాడు ఈ పార మనిషి ఒక్కడేననుకుంది కోడలు.

అంతలో మామగారు పొలం నుంచి రొప్పుతూ వచ్చాడు. పూడిక పోయిందట, మన మడిలోకి నీళ్లొచ్చాయట.

"చూశారా? నోరు తెరిస్తేనే నీళ్లొస్తాయి," అంది ఆమె, తల ఎగరేసి. "ఆ ప్రెసిడెంటుగారు ఏ మూల దాక్కున్నా సరే, వచ్చి కాలవ తూము తాళంచెవి నా చేతిలో పెట్టమనండి."

ఎవరూ నవ్వలేదు.

బురద కాళ్ల మనిషి నెమ్మదిగా ముందుకొచ్చి, తువ్వాలు మూలన కట్టుకున్న తాళంచెవి ముడి విప్పి ఆమె చేతిలో పెట్టాడు.