మలీద ముద్ద

"బకెట్ జర అవుతల పెట్టు కనకవ్వా! నువ్వు ముట్టిన నల్లా మేమెట్ల ముట్టాలె?"

లీలాబాయి గొంతు గోదావరిఖని కాలనీలో ఆ వరుస క్వార్టర్లన్నిటికీ వినబడింది. నడి ఎండాకాలంలోనూ పొడుగు చేతుల రవిక వేసుకునే మనిషి. పక్కింట్లోనే ఉంటుంది. ఆమె మాటంటే ఆడవాళ్లకు గురి. అందరూ కొంగులు దగ్గరికి లాక్కున్నారు.

"అంటురోగం కాదక్కా," అంది కనకవ్వ. "కార్జంల, గదే లివర్ల, పైత్యం పోయే గొట్టాలు పాడైనయట. గందుకే గీ దురద."

"మరి మందు?" లీలాబాయే అడిగింది.

"పట్నం దవాఖానల రెండు గోలీలు కలిపిచ్చి పరీక్ష చేస్తుండ్రు. మొదటిది అందరికీ ఒకటే. రెండోది కొందరికి మందు, కొందరికి ఉత్త పిండి గోలీ. నాకేదొచ్చిందో డాక్టరుకు సుత తెల్వదట."

ఆడవాళ్లు పక్కున నవ్వారు. లీలాబాయి నవ్వలేదు.

"ఒక్క గోలీతోని తగ్గదా?"

"కొందరికి తగ్గదట."

కిందటేడు సద్దుల బతుకమ్మనాడు కనకవ్వ రొట్టె, బెల్లం నలిపి చేసిన మలీద ఒక్కరూ పుచ్చుకోలేదు. పళ్లెం నిండుగానే ఇంటికి తెచ్చుకుంది. "ఈసారి చెయ్యకే, ఇజ్జత్ పోతది," అన్నాడు భర్త కైలాసం. "చేస్త. అందరితోని తినిపిస్త," అంది కనకవ్వ.

లీలాబాయి సూటిపోటి మాటలు మాత్రం ఆగలేదు.

"గోలీలు బువ్వ తిన్నంక ఏస్తవా, తినకముందా? కండ్ల పసుపు పోయిందా? రాత్రి నీ గోకుడు వినవడలే, ఏమైంది?"

"గోడవతల నీకెట్ల వినవడ్తదక్కా? నిద్రపోవా?"

"నువ్వు పోనిస్తే గద!"

బతుకమ్మ పండుగ ముందర కనకవ్వ పట్నం నుంచి నవ్వుకుంటూ వచ్చింది. పరీక్ష ముగిసింది. ఆమెకొచ్చినవి రెండూ మందులే. నెత్తురు పరీక్షలు బాగొచ్చాయని, గోలీలు మాత్రం మానొద్దని డాక్టరు చెప్పాడట.

సద్దులనాడు బతుకమ్మలను నీళ్లలో వదిలాక కనకవ్వ మలీద పళ్లెం ముందుకు చాపింది. ఎవరూ కదల్లేదు. లీలాబాయి గుంపును తోసుకుంటూ వచ్చింది. లీలాబాయి ఒక ముద్ద తీసుకుని అందరి ముందే నోట్లో పెట్టుకుంది.

"చూస్తరేంది? తీస్కోండ్రి!"

చేతుల మీద చేతులు పడ్డాయి. కనకవ్వ ఖాళీ పళ్లెం ఎత్తిపట్టి కైలాసానికి చూపించింది.

లీలాబాయి ఆమెను చీకటి పక్కకు లాగింది.

"మల్ల పట్నం ఎప్పుడు పోతున్నవ్?"

"గోలీలు అయిపోంగనే. ఎందుకక్కా?"

లీలాబాయి అటూ ఇటూ చూసి రవిక చెయ్యి పైకి మడిచింది.

మోచేతి దాకా గోళ్ల గాట్లు.